మూడు లాంతర్లు, ఏడు రోడ్లు, ఒక్క గేటు

విజయనగరంలో మూడు లాంతర్లు అనే చోటు ఉన్నది. శ్రీకాకుళంలో ఏడు రోడ్లు అనే చోటు ఉన్నది. రెండూ కూడళ్ళే. ఊరి గొప్ప చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఒకరు కోటను, మరొకరు అరసవల్లి సూర్యదేవుని తలచుకొంటారు గాని, బస్సు దిగిన మనిషి ఆటో అతనితో చెప్పేది మాత్రం కూడలి పేరే. పాత పేటలకు గుర్తు అడిగితే ఈనాటికీ ఇంతే. ఊరి చివర కొత్తగా లేచిన కాలనీలకు గుర్తు అడగండి, ఫలానా గేటు అంటారు, ఫలానా ఆర్చి అంటారు. కూడలి ఉండవలసిన చోటికి గేటు వచ్చి నిలిచినది. ఈ మూడు వందల ఏళ్ళలో అది ఎట్లా జరిగినదో, దాని వలన మనకు పోయినదేమిటో నాలుగు మాటలు చెప్పుకొందామని ఈ టపా. (కూడలి అనగానే మనలో చాలామందికి తెలుగు బ్లాగులన్నీ ఒక్కచోట కనబడిన ఆ మరొక కూడలి గుర్తుకు వస్తుందని ఎరుగుదును. ఆ పేరు పెట్టినవారు మాట విలువ తెలిసినవారు.)

మాట దగ్గర మొదలుపెట్టడం పంతుళ్ళ అలవాటు. వీధికి అమరసింహుడు రథ్య, ప్రతోలి, విశిఖ అని పర్యాయపదాలు ఇచ్చాడు. నాలుగు దారులు కలిసే చోటును శృంగాటకం, చతుష్పథం అన్నాడు. మానసారమనే శిల్పగ్రంథం ఒక అడుగు ముందుకు వేసి, ఊళ్ళ కూర్పులనే దండకం, సర్వతోభద్రం, నంద్యావర్తం, పద్మకం, స్వస్తికం, ప్రస్తరం, కార్ముకం, చతుర్ముఖం అని ఎనిమిది తెరగులుగా విభజించి చెప్పినది. వీధి వెడల్పు ఎంత అన్న ప్రశ్న కంటె, ఏ వీధి వేటితో కలుస్తుంది అన్న ప్రశ్నయే ఊరికి రూపమిస్తుందని ఆ పేర్లే చెబుతున్నవి. ఇక మన ఉత్తరాంధ్ర పలుకుబడిలో గోర్జి అని ఒక మాట ఉన్నది. రెండు ఇళ్ళ వరుసల నడుమ మనిషి, మహా అయితే ఒక పశువు, నడిచే ఇరుకు సందు. సంస్కృత కోశాలలో దీనికి సమానమైన మాట వెదకనక్కరలేదు. ఈ వ్యాసంలో మాత్రం గోర్జికి పెద్దపీట వేయవలసి ఉన్నది.

ఇదే విషయాన్ని లెక్కకట్టే విద్య ఒకటి ఉన్నది. 1736లో ఆయిలర్ అనే గణితవేత్త, కోనిగ్స్‌బర్గు నగరంలోని ఏడు వంతెనలను ఒక్కొక్క దానిని ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరిగి రావడం సాధ్యమా అన్న ప్రశ్నకు, సాధ్యం కాదని నిరూపించాడు. వంతెన పొడవుతో, వెడల్పుతో ఆయనకు పని లేకపోయినది. ఎక్కడ ఎన్ని దారులు కలుస్తున్నవన్నదే లెక్క. ఈనాటి పరిశోధకులు నగరాల వీధులను ఆ చూపుతోనే చూస్తున్నారు. ఒక కూడలిలో నాలుగు వీధులు కలుస్తున్నవా, మూడా, లేక వీధి అక్కడికే ఆగిపోతున్నదా? ఇంటినుండి అంగడికి కాకి ఎగిరే దూరమెంత, కాలు నడిచే దూరమెంత? ఆగిపోయే వీధులు ఎక్కువై, ఈ రెండు దూరాల నడుమ తేడా పెరిగితే ఆ ఊరు చెదరి పెరుగుతున్నదని అర్థం. బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అనే ఇద్దరు పండితులు 2015లో అమెరికా వీధుల చరిత్రను ఈ విధంగా గుణించి, అక్కడ ఈ చెదరుబాటు 1994 ప్రాంతంలో పరాకాష్ఠకు చేరి, పిమ్మట కొంత తగ్గినదని తేల్చారు. 2020లో వారే ప్రపంచమంతటినీ చూచి, 1975 నుండి పెక్కు దేశాలలో కొత్తగా వేసిన వీధులు ఒకదానితో ఒకటి కలవడం తగ్గుతూ వచ్చినదని చెప్పారు. అమెరికావారు వదిలించుకొంటున్న జాడ్యాన్ని తక్కినవారు కొని తెచ్చుకొంటున్నారన్నమాట.

వారి లెక్కలలో మన రెండు ఊళ్ళు ప్రత్యేకంగా కనబడవు. నేను ఉద్యోగరీత్యా ఈ రెండు జిల్లాలలో ఊరూరా బదిలీ అయి తిరిగినవాణ్ణి. సైకిలు మీద, ఆ పైన కాలినడకన చూచినదే నా ఆధారం.

విజయనగరం కోటకు పునాది 1713లో పడినది. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం. పేరులోనూ ముహూర్తంలోనూ విజయమే ఉండాలని పూసపాటి ప్రభువులు ఎంచుకొన్నారని చెబుతారు. కోట చతురస్రం. చుట్టూ కందకం. నగరుఖానా అనే పెద్ద ద్వారం ఒకటి, పడమట చిన్న ద్వారం ఒకటి. అంటే కోట అనేది స్వభావం చేత ఒక గేటెడ్ కమ్యూనిటీ. ఈ మాట వేళాకోళానికి అనడం లేదు. శత్రుభయం ఉన్నవాడు దారులు తగ్గించుకొంటాడు, వ్యాపారం కావలసినవాడు దారులు పెంచుకొంటాడు. కోటలోపల మొదటి సూత్రం నడిచినది, కోట వెలుపల రెండవది. కోట ఎదుట సాగిన బజారు, గంటస్తంభం, ఉల్లివీధి, వాటిని అల్లుకొన్న సందులు చూడండి. వీధులు వంకరే, ఇరుకే. కాని ఒక సందులో ఎద్దుబండి అడ్డం తిరిగితే పక్క సందులోనుండి పోవచ్చు. తప్పిపోయిన పిల్లవాడు ఏ వైపు నడచినా కొంతసేపటికి తెలిసిన చోటనే తేలుతాడు.

ఆ ఊరిలో ఒక వీధిని మూడు లాంతర్ల నుండి కోట దాకా వెడల్పుగా నిలిపి ఉంచినది ఏ పురపాలక సంఘమో అనుకొంటే పొరపాటు. పురపాలక సంఘం వచ్చినది 1888లో. బొబ్బిలి యుద్ధం 1757లో. ఆ యుద్ధపు దుఃఖంతో ముడిపడిన పైడితల్లి అమ్మవారి సిరిమాను, విజయదశమి వెళ్ళిన మంగళవారం నాడు గుడినుండి కోటకు, కోటనుండి గుడికి మూడు మార్లు తిరుగుతుంది. యాభై అరవై అడుగుల మాను కొనను పూజారి కూర్చుండగా ఆ బండి మలుపు తిరగాలి. ఏడాది పొడుగునా అరుగును ముందుకు జరుపుకొనే అంగడివాడైనా ఆ ఒక్క మంగళవారాన్ని తలచుకొని చేయి వెనుకకు తీసుకొంటాడు. ఆక్రమణను ఆపడంలో అమ్మవారికి ఉన్న అధికారం ఏ కమిషనరుకూ లేదని నా అభిప్రాయం. ఒక వీధి మూడు వందల ఏళ్ళు బ్రతకాలంటే దానికి నకాసా పటం చాలదు, దానితో పని ఉన్న జనం ఉండాలి.

దొరల కాలంలో ఊరికి రెండవ భాగం చేరినది. కోట ఒక వైపు, దానికి సుమారు ఒక మైలు దూరాన కంటోన్మెంటు, నడుమ పెద్ద చెరువు. పందొమ్మిదవ శతాబ్దపు గెజిటీరులలో ఈ వర్ణన కనబడుతుంది. కంటోన్మెంటు వీధులు తిన్నగా, వెడల్పుగా, చెట్ల నీడతో ఉండేవి. అందం అక్కడే ఉన్నది, కాదనను. కాని ఆ రెండు ఊళ్ళూ ఒకదానితో ఒకటి కలిసే దారులు కొన్నే. చెరువు చుట్టి పోవలసినదే. అటు పిమ్మట 1890ల నడుమ ఈస్టు కోస్టు రైలు మార్గం వచ్చినది. రైలు ఊరిని లోకంతో కలిపినది, ఊరిని ఊరితో విడదీసినది. పట్టాలకు ఆవలి పేటలవారికి గేటు పడినప్పుడల్లా ఆ సంగతి తెలిసేది. ఎత్తు బ్రిడ్జి అనే పేరు ఊరివారు ముద్దుగా పెట్టినది కాదు. పట్టాల మీదుగా ఈవలకు ఆవలకు పోవడానికి ఊరు చెల్లించిన సుంకం ఆ ఎత్తు.

శ్రీకాకుళం కథ వేరు. అక్కడ మొదట ఉన్నది ఏరు. నాగావళి ఊరిని రెండుగా చీల్చి ప్రవహిస్తుంది. గోలకొండ నవాబుల కాలంలో ఫౌజుదారుల ఠాణా అది. షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు 1641 నాటిది. కలకత్తా నుండి మద్రాసుకు పోయే పెద్ద బాట ఊరిలోనుండే పోయేది. సన్ననేత బట్టలు, ధాన్యం, కచేరీ పనులు, అరసవల్లి యాత్రికులు, అందరికీ ఈ ఊరే దారి. అట్లా ఒక్కొక్క పనికి ఒక్కొక్క బాట వచ్చి కలిసి ఏడు రోడ్లయినవి. కోనిగ్స్‌బర్గుకు ఏడు వంతెనలు ఉంటే మనకు ఏడు రోడ్లు. ఆయిలరు గారు ఇటు వచ్చి ఉంటే ఆయనకు ఇక్కడ నిరూపించవలసినది ఏమీ ఉండేది కాదు, నడుమ నిలబడి ఏ వైపు పోవాలో తోచక టీ తాగి ఉండేవాడు.

అయితే ఈ ఊరికి ఒక లోటు కలిగినది. రైలు ఊరిలోకి రాలేదు. 12, 13 కిలోమీటర్ల దూరంలోని ఆమదాలవలస దగ్గర నిలిచినది. నిన్నమొన్నటి వరకూ చికాకోల్ రోడ్డు, ఈనాడు శ్రీకాకుళం రోడ్డు. స్టేషను పేరులోనే ‘రోడ్డు’ అని ఉన్నది చూడండి, ఊరు ఇంకా ఉన్నదని అర్థం. పరిపాలనలో సైతం ఈ ఊరు ఒడ్డున పడడానికి చాలా కాలమే పట్టినది. 1936 వరకు గంజాం జిల్లా, పిమ్మట విశాఖపట్నం, చివరకు 1950లో తన పేరనే ఒక జిల్లా. (విజయనగరం జిల్లా ఏర్పడినది 1979లో.) జిల్లా కేంద్రమైన తరువాత కచేరీలు, కళాశాలలు, వాటి వెనుక ఇళ్ళు బాటల వెంబడి బారులు తీరినవి. నడుమ పొలాలు పొలాలుగానే ఉండిపోయినవి. చేతివ్రేళ్ళు చాచినట్లు ఊరు పెరిగినది. వ్రేలికీ వ్రేలికీ నడుమ దారి లేదు.

1901 జనాభా లెక్కలలో విజయనగరం సుమారు 37 వేలు, శ్రీకాకుళం సుమారు 18 వేలు. 2011 నాటికి విజయనగరం 2 లక్షల 28 వేలు, శ్రీకాకుళం లక్షా పాతిక వేలకు పైమాట. జనం ఆరేడు రెట్లు పెరిగితే ఊరు పెరగక తప్పదు. పెరుగుదలను నిందించడం నా ఉద్దేశం కాదు. ఎట్లా పెరిగినదన్నదే ప్రశ్న.

ఇక్కడ భూమి చరిత్ర కొంచెం చెప్పాలి. ఈ ప్రాంతంలో అత్యధిక భాగం 1802 శాశ్వత పైసలా నాటి జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయి రైతువారీ వచ్చినది. రైతుల కమతాలు అన్నదమ్ముల పంపకాలతో పొడుగాటి పట్టీలుగా చీలినవి. పట్టీ పొడుగునా నీరు పారాలి, నాగలి సాగాలి, అందుకు ఆ ఆకారమే అనువు. 1980ల తరువాత ఈ పట్టీలే ఒక్కొక్కటిగా ఇళ్ళ స్థలాలైనవి. నాలుగెకరాల పట్టీ కొన్న వ్యాపారి నడిమధ్య ఒక రోడ్డు వేసి, అటూ ఇటూ స్థలాలు కోస్తాడు. రోడ్డు పెద్దబాట దగ్గర మొదలై పట్టీ చివర ఆగిపోతుంది. పక్క పట్టీ కొన్నవాడు వేరొకడు. వాడూ అట్లే చేస్తాడు. పది పట్టీలు వెరసి దువ్వెన. దువ్వెన పళ్ళు ఎంత తిన్నగా ఉన్నా ఒకదానినుండి ఒకదానికి పోవాలంటే మళ్ళీ మొదలుకే రావాలి. దీనికి తోడు మన నేలలో అడుగడుగునా గెడ్డలు, చెరువు గట్లు. గెడ్డ మీద చిన్న కల్వర్టు వేస్తే రెండు పేటలు కలుస్తాయి. కాని ఆ కల్వర్టు ఏ వెంచరువాని ఖాతాలోనూ పడదు.

పొలాల నడుమ పుంతలు ఉండేవి కదా అని మీరు అడగవచ్చు. ఉండేవి. గ్రామ పటాలలో బండిపుంతలు పోరంబోకుగా ఈనాటికీ గీతలు గీసి ఉంటాయి. నేలమీద మాత్రం చాలాచోట్ల అవి ఏదో ఒక వెంచరు ప్రహరీలో కలిసిపోయినవి. తాతలనాడు ఊరికీ ఊరికీ అడ్డదారిగా ఎడ్లబండి పోయిన చోట, మనుమడు కారులో చుట్టు తిరిగి పోతున్నాడు.

ప్రకటనలు చూస్తే మాత్రం అంతా అభివృద్ధే. 40 అడుగుల రోడ్లు, నూటికి 10 వంతులు ఖాళీస్థలం, వీధిదీపాలు. నిబంధనలు అడిగేవి కూడా ఎక్కువగా ఇవే. వెడల్పు కొలవడం తేలిక, టేపు చాలు. కలయిక కొలవాలంటే పక్కవాని పొలాన్ని కూడా చూడాలి. అనుమతి లేని లేఔట్లను సొమ్ము కట్టించుకొని క్రమబద్ధం చేసే పథకాలు 2007 చివర ఒకసారి, 2020లో ఒకసారి వచ్చినవి. స్థలం యజమానికి పత్రం దొరికినది, సర్కారుకు రుసుము దొరికినది. ఆగిపోయిన వీధి ఆగిన చోటనే ఉన్నది. ఇల్లు కూల్చి కట్టుకోవచ్చు, వీధి గీత మార్చడం తరాలకు గాని కాదు. రిజిస్ట్రేషను అయిన ప్రతి స్థలం హద్దూ ఆ గీతకు కాపలాయే. విజయనగరపు ఉల్లివీధి వంకర మూడు తరాలుగా మారలేదు, ఈ మొండివీధులూ మారవు.

ప్రభుత్వపు కాలనీల సంగతి కొంచెం వేరు. విజయనగరం చెంత గుంకలాంలో దాదాపు 400 ఎకరాలలో 12 వేలకు పైగా ఇళ్ళ స్థలాల పట్టాలు 2020 డిసెంబరు 30న పంచిపెట్టారు. అంతటి లేఔటు వేసేటప్పుడు పట్టీల చిక్కు ఉండదు, వీధులు చదరంగపు గళ్ళవలె వేయవచ్చు. అయితే లోపలి కలయిక వేరు, ఊరితో కలయిక వేరు. కూలికి పోయే మనిషికి గళ్ళు ఎన్ని ఉంటే ఏమి, పని ఉన్న చోటు ఎంత దూరం, బస్సు ఎన్నిసార్లు, అన్నదే లెక్క.

జాతీయ రహదారి కూడా తన వంతు చేసినది. శ్రీకాకుళం పక్కనుండి పోయే రహదారిని (అప్పుడు 5వ నంబరు, 2010 తరువాత 16) స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరుసలు చేశారు, పిమ్మట ఆరు వరుసల పని వచ్చినది. విజయనగరానికి ఆ బాధ తక్కువ. పెద్ద రహదారి నాతవలస మీదుగానే పోతుంది, అక్కడినుండి రాయపూరు బాట చీలి ఊరిలోకి వస్తుంది. రహదారి నడుమ కట్టిన డివైడరు ఎదురెదురు ఊళ్ళను ఏరు చీల్చినట్లు చీల్చినది. ఏరుకు ఎండాకాలంలో అయినా దారి ఉండేది.

ఇదంతా నడకకు, పెట్రోలుకు సంబంధించిన చిన్న విషయమని తోచవచ్చు. తుఫాను వచ్చిననాడు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. మన జిల్లాలవారికి ఈ తేదీలు పుట్టినరోజులవలె గుర్తు. హుద్‌హుద్ వెళ్ళిన మరునాడు మా బంధువుల కాలనీకి పోయాను. మొదలులో చెట్టు, దాని మీద కరెంటు స్తంభం అడ్డంగా పడి ఉన్నవి. వెనుక ప్రహరీ, పక్కన గెడ్డ. లోపల ఒక ముసలమ్మకు ఊపిరి ఆడడం లేదు. వెడల్పైన రోడ్డు, తిన్ననైన రోడ్డు, రెండవ దారి లేని రోడ్డు. నలుగురు కుర్రవాళ్ళు ఆమెను మడతమంచం మీద మోసుకొని చెట్టు దాటించారు. ఆమె బ్రతికినది. అదే రోజు పాత పేటలో చెట్లు అంతకంటె ఎక్కువే పడినవి. జనం ఒక గోర్జి మూసుకొంటే మరొక గోర్జి గుండా పాలు, నీళ్ళు తెచ్చుకొంటూనే ఉన్నారు.

మొండివీధి కావాలనే వారు ఉన్నారు. పిల్లలు ఆడుకోవచ్చు, లారీలు రావు, దొంగ వస్తే తెలుస్తుంది. మన అగ్రహారాలలోనూ ఒకే వీధి, దాని తలాపున ఒక గుడి, అంతటితో ఊరు ముగిసేది. ఆ వాదంలో నిజం లేకపోలేదు. కాని అగ్రహారంలో ప్రతి ఇంటికీ పెరడు ఉండేది, పెరటివైపు గోర్జి ఉండేది, పాలేరు, పశువు, పాలమ్మి ఆ దారినే వచ్చేవారు. వీధి గుమ్మం ఎవరికి మూసినా పెరటి దారి ఎవరికో ఒకరికి తెరచి ఉండేది. (ఎవరికి ఏ దారి అన్నదానిలో అన్యాయం ఉన్నది, అది వేరే వ్యాసం.) వాహనానికి మూసివేసి మనిషికి తెరవడం అసాధ్యమేమీ కాదు. నాలుగడుగుల సందు చాలు. 1914, 15లలో మద్రాసు రాజధానిలోని పట్టణాలు చూడవచ్చిన పాట్రిక్ గెడ్డెస్ అనే ఆయన, పాతపేటలను పడగొట్టి పెద్ద రోడ్లు వేసే ఇంజనీర్లను కోపగించుకొని, అక్కడక్కడ కొంచెమే కోసి సందును సందుతో కలపమన్నాడు. ఆయన మాట విన్నవారు కొద్దిమంది.

మేము ఇప్పుడు ఉంటున్న చోట రెండు వెంచర్ల నడుమ అటువంటి ప్రహరీ ఒకటి ఉన్నది. మా పెరటి గోడ ఎక్కి చూస్తే ఆవలి వైపు బడి గంట వినబడుతుంది, జెండా కనబడుతుంది. రోడ్డున పోతే కిలోమీటరుకు పైన. బడి పిల్లలు ప్రహరీ మూలన నాలుగు ఇటుకలు లాగి కన్నం చేశారు. సంఘంవారు సిమెంటు పూయించారు. వారం తిరగకముందే మళ్ళీ కన్నం. ఈసారి కొంచెం పెద్దది, సంచీతో సహా దూరడానికి వీలుగా. మొన్న వేసవి సెలవులలో మళ్ళీ పూశారు. బడులు తెరిచారు. నిన్న సాయంత్రం చూచాను, రెండు ఇటుకలు అప్పటికే వదులైనవి.